ఆమె చెబితే సాకు

డ్రైవింగ్ స్కూలు కారుకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చునే టీచరు కాలి కింద. ఒక స్కూల్లో నేర్పే ఒకావిడకు ఆ రెండో బ్రేకు తొక్కీ తొక్కీ కుడికాలి పిక్క ఎడమదానికన్నా లావెక్కిందని తోటి టీచరు గేరు మాస్టారు ఒకనాడు పదిమందిలో హాస్యమాడాడు. అంతే, ఆవిడకు బ్రేకక్క అన్న పేరు అంటుకుపోయింది. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. తరవాత తరవాత నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళే "బ్రేకక్కా, బ్రేకక్కా" అని ప్రేమగా పిలుస్తుంటే ఇంకేం చేస్తుంది, పలకడం మొదలుపెట్టింది.

ఆ స్కూల్లో టీచర్లు ఇద్దరే. బ్రేకక్క, గేరు మాస్టారు. పైన ఓనరు. ఓనరు మనిషి మెత్తగా ఉంటాడు. ఎవరినైనా "అమ్మా", "బాబూ" అనే పిలుస్తాడు. కోపమొచ్చినా గొంతు పెంచడు, టేబుల్ మీదున్న పేపర్ వెయిట్‌ను బొంగరంలా తిప్పుతాడు. ఆఫీసు గది అంటే అద్దాల తలుపు, గోడకు రోడ్డు గుర్తుల చార్టు, వరసగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఎండ తగిలి తగిలి చార్టులో ఎర్రరంగు వెలిసి నారింజ రంగయింది.

కొత్తవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఓనరు రెండు ప్రశ్నలు అడిగేవాడు. వయసెంత? ఇదివరకు బండి నడిపారా? ఇరవైలో ఉండి, స్కూటరు మీద ఊరంతా తిరిగినవాడైతే గేరు మాస్టారికి. తల నెరిసినవాళ్ళు, కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియనివాళ్ళు, వేరే స్కూళ్ళలో తప్పి తప్పి వచ్చినవాళ్ళు బ్రేకక్కకు.

"మీకు ఓపిక ఎక్కువమ్మా," అనేవాడు ఓనరు.

ఆ మాటకు బ్రేకక్క పొంగిపోయేది. కుడి అంటే ఎడమకు తిప్పే రిటైర్డు గుమాస్తాగారిని పట్టుకుని, ఆయన కుడి మణికట్టుకు రబ్బరు బ్యాండు వేసి, "గుమాస్తాగారూ, కుడి అంటే రబ్బరు వైపు" అని నేర్పింది. మందుల షాపావిడ కథ ఇంకా కష్టం. చిన్నప్పుడు తండ్రి నడుపుతున్న కారును లారీ గుద్దింది. తండ్రి బతికాడు, ఈవిడకూ పెద్ద దెబ్బలు తగల్లేదు. కానీ ఈనాటికీ స్టీరింగు మీద చెయ్యి వేస్తే వేళ్ళు చల్లబడిపోతాయి. బ్రేకక్క మొదట ఇంజను వేయనివ్వలేదు. ఊరికే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకుంది. దగ్గు మందుల్లో ఏది నిద్ర తెప్పిస్తుంది, ఏ డాక్టరు రాత ఎవరికీ అర్థం కాదు, ఇవన్నీ చెప్పుకుంటూ ఆవిడ తనకు తెలియకుండానే స్టీరింగు పట్టుకుని కూర్చునేది. తరవాతే తాళం తిప్పించింది.

ఇలాంటివాళ్ళు టెస్టుకు వెళితే మొదటిసారి తప్పుతారు. ఒక్కోసారి రెండోసారీ తప్పుతారు. అది బ్రేకక్కకు వింతగా అనిపించేది కాదు.

అలాంటి రోజుల్లో ఓనరు గుమ్మం పక్కనే ఒక తెల్లబోర్డు బిగించాడు. దాని మీద రెండు పేర్లు. ఒక్కొక్క పేరు కింద ఆ నెల టెస్టులో పాసైనవాళ్ళకు ఒక్కొక్క పచ్చ టిక్కు. గేరు మాస్టారి పేరు కింద టిక్కులు పందిరికి పాకిన తీగలా బోర్డు అంచు దాకా వెళ్ళాయి. బ్రేకక్క పేరు కింద ఎండిన పుల్లలు విరిచి వేసినట్టు అక్కడొకటి అక్కడొకటి.

బ్రేకక్క మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగోనాడు పొద్దున్నే ఆ బోర్డు చూసి, చేతిలో కారు తాళాలతోనే లోపలికి వెళ్ళింది. గేరు మాస్టారు నల్ల కళ్ళద్దాలు చొక్కా మీద తుడుచుకుంటున్నాడు. కుర్చీల్లో గుమాస్తాగారూ, మందుల షాపావిడా, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"ఈ బోర్డేమిటి సార్?" అంది బ్రేకక్క.

"దాందేముందమ్మా, ఎవరు ఎలా నేర్పుతున్నారో జనానికి తెలియాలి కదా."

"ఎవరు ఎలా నేర్పుతున్నారో ఆ బోర్డులో ఎక్కడుంది? మాస్టారి దగ్గరికి వచ్చినవాళ్ళు సగం నేర్చుకుని వచ్చినవాళ్ళు. నా దగ్గరికి వచ్చేవాళ్ళను మీరే ఏరి పంపుతున్నారు."

"సాకులు చెప్పకండమ్మా. అంకెలు అబద్ధం చెప్పవు."

"అంకెల సంగతి కాదు సార్..."

"మొన్నటి నుంచి ఎవరొచ్చినా మాస్టారే కావాలంటున్నారు. ఇంతమందీ తెలివితక్కువవాళ్ళేనంటారా?"

"మీ బోర్డు చూసి అడుగుతున్నారు!"

ఓనరు పేపర్ వెయిట్ తిప్పాడు. "మీ మీద జనానికి నమ్మకం లేకపోబట్టే కదమ్మా నేను బోర్డు పెట్టాల్సి వచ్చింది?"

బోర్డు చూసి జనం నమ్మడం లేదు, జనం నమ్మడం లేదు కాబట్టి బోర్డు. గానుగెద్దు తిరిగినట్టు మాట తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. దాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలో బ్రేకక్కకు తోచలేదు. ఈలోగా ఓనరు మాట మార్చాడు.

"అయినా కార్లు, గేర్లు... సహజంగా మగవాళ్ళకు అబ్బినట్టు ఆడవాళ్ళకు అబ్బదు. అందులో తప్పేముంది? మా ఆవిణ్ణే తీసుకోండి, ఇప్పటికీ రివర్సు రాదు."

"మీ ఆవిడకు రివర్సు రాకపోతే నాకు రానట్టేనా?" బ్రేకక్క గొంతు లేచింది.

"చూశారా చూశారా! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు... తప్పు లేనప్పుడు అంత కోపం దేనికమ్మా?"

కుర్రాళ్ళిద్దరూ కిసుక్కుమన్నారు. గేరు మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని అద్దాల తలుపులోంచి రోడ్డు వైపు చూశాడు. బ్రేకక్క పళ్ళు బిగించి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం చూసి ఓనరు మెత్తగా అన్నాడు, "అదీ. మౌనం అర్ధాంగీకారం. తప్పు ఒప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదమ్మా."

ఆ రోజంతా ఆవిడ తలలో ఆ మాటలే గిర్రున తిరిగాయి. అరిస్తే భుజాలు తడుముకున్నట్టు. ఊరుకుంటే అర్ధాంగీకారం. మరి నిజంగా తప్పు లేని మనిషి ఏం చెయ్యాలి? నవ్వాలా? నవ్వితే సిగ్గులేదంటారు. మాటలన్నీ ముందే కంచె వేసినట్టు వేసి పెట్టుకున్నారు, ఇటు వచ్చినా గుచ్చుకుంటుంది, అటు వెళ్ళినా గుచ్చుకుంటుంది. అంకెలు అబద్ధం చెప్పవు సార్, వాటిని పక్కపక్కన నిలబెట్టినవాళ్ళు చెబుతారు అన్న జవాబు ఇంటికి వెళ్ళే బస్సులో తట్టింది. ఇంత మంచి మాట అప్పుడు తట్టనందుకు ఆవిడకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకుంది. మొగుడు ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ మీద పనిచేస్తాడు. గోళ్ళలో సిరా ఎంత కడిగినా పోదు. మంచివాడే. కానీ నలుగురూ ఒక మాట అంటే దాని ముందు తల వంచేస్తాడు.

"నువ్వూ ఓసారి ఆలోచించుకోకూడదూ," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా."

బ్రేకక్క చేతిలో గరిటె ఆగిపోయింది. బయటివాడు అంటే మండింది, ఇంటివాడు అంటే కాలింది.

అత్తగారు గోడకు ఆనుకుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెవులు కాస్త దూరమే అయినా తనకు కావలసిన మాట ఎప్పుడూ వినబడుతుంది ఆవిడకు. "ఏమిట్రా అన్నావు?"

"నిప్పు లేనిదే పొగ రాదన్నానమ్మా."

"పొద్దున్న ఊరంతా పొగమంచు కమ్మింది. దానికి నిప్పెవడు పెట్టాడ్రా, నువ్వా?"

"అది వేరమ్మా..."

"వేరే మరి! ఏది పొగో ఏది మంచో దగ్గరికెళ్ళి చూస్తేగా తెలిసేది. నువ్వు చూశావా? దాని పక్కన కార్లో కూర్చున్నావా ఒక్క రోజైనా? ఎవడో దూరాన్నుంచి పొగ పొగ అన్నాడు, నువ్వు బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చావు, పెళ్ళాం నెత్తిన నీళ్ళు కుమ్మరించడానికి." ఆవిడ చొక్కా ఒకటి దులిపి మడతపెట్టింది. "కోడలా, నువ్వు వాడితో వాదించకు. ఆ ఓనరుతోనూ వాదించకు. నీ దగ్గర నేర్చుకునేవాళ్ళనీ ఆ మాస్టారి వాళ్ళనీ అటూ ఇటూ మార్చమను. చూద్దాం."

మర్నాడు బ్రేకక్క అదే అడిగింది. "వచ్చే నెలకు నా వాళ్ళను మాస్టారికి ఇవ్వండి సార్. మాస్టారి వాళ్ళను నాకివ్వండి."

ఓనరు తటపటాయించాడు గానీ గేరు మాస్టారు ఛాతీ విరిచాడు. "ఇవ్వండి సార్, నాకేం భయమా? నెల తిరిగేసరికి అందరినీ పాస్ చేయించి బోర్డు నింపేస్తా."

అలా మార్పిడి జరిగింది. బ్రేకక్కకు వచ్చిన కుర్రాళ్ళు చేయి తిరిగినవాళ్ళు. ఒంటిచేత్తో స్టీరింగు తిప్పడం, అద్దంలో వెనక బండికి బదులు జుట్టు చూసుకోవడం లాంటి జబ్బులు తప్ప వాళ్ళకు వేరే లోటు లేదు. ఆ జబ్బులు కుదర్చడం కష్టమేమీ కాలేదు. పక్క బ్రేకు మీద పెద్దగా కాలు వేసే పని కూడా పడలేదు. ఇన్నాళ్ళూ మాస్టారు చేస్తున్న ఉద్యోగం ఇంత సుఖంగా ఉందా అని ఆశ్చర్యపోయింది.

కానీ సుఖం మింగుడు పడలేదు. ఒకరోజు కూడలి దగ్గర ఎర్రదీపం పడి ఆగితే, పక్కన వచ్చి ఆగింది గేరు మాస్టారి కారు. మందుల షాపావిడ స్టీరింగు ముందుంది. మాస్టారి కిటికీ దించి ఉంది, ఆయన మాటలు వినబడుతున్నాయి.

"అంత చిన్న అక్షరాల మందుచీటీ చదివేదానివి, ఇంత పెద్ద రోడ్డు చదవలేవా? క్లచ్! క్లచ్ అంటున్నానా? ఓరి దేవుడా, ఎన్నిసార్లు చెప్పాలి!"

ఆవిడ చేత్తో కళ్ళు తుడుచుకుంది. అంతలో క్లచ్ మీది కాలు జారి కారు ఒక్క ఉదుటున ముందుకు దూకి ఆగిపోయింది. దీపం పచ్చబడింది. బ్రేకక్క పక్కనున్న కుర్రాడు ఝామ్మని కదిలించాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ కారు అక్కడే ఉంది, చుట్టూ హారన్లు.

తరవాత వారం నుంచి మందుల షాపావిడ రావడం మానేసింది.

ఆ సంగతి తెలిసిన రోజు బ్రేకక్క ఆలోచనలో పడింది. ఓనరు చేసింది అన్యాయమే. కానీ ఆ అన్యాయాన్ని రుజువు చెయ్యడానికి తను పందెంలో ఒడ్డింది ఎవరిని? చల్లబడిన వేళ్ళను రోజుకింత వెచ్చబరుస్తూ వచ్చిన మనిషిని తనే చేతులారా వదిలేసింది. అత్తగారు అన్నమాటకు తల ఊపే ముందు ఆ మందుల షాపావిణ్ణి ఒక్కమాట అడగాలని కూడా తనకు తోచలేదు. ఓనరు మీది కోపం కన్నా తన మీది కోపం ఎక్కువ బాధపెట్టింది.

నెల తిరిగింది. కుర్రాళ్ళందరూ పాసయ్యారు. గేరు మాస్టారి దగ్గర గుమాస్తాగారు తప్పాడు, ఆయనతోపాటు మిగతావాళ్ళూ తప్పారు. బోర్డు మీద టిక్కులు తలకిందులయ్యాయి. గదిలో మందుల షాపావిడ తప్ప అందరూ ఉన్నారు. బ్రేకక్క ఈసారి కారు తాళాలు టేబుల్ మీద పెట్టి కూర్చుంది.

ఓనరు దగ్గాడు. "ఈ నెల మాస్టారికి వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళమ్మా. పెద్ద వయసు, పిరికితనం. ఆయన మాత్రం ఏం చేస్తారు? మీకు దొరికినవాళ్ళంటారా, ఎవరు నేర్పినా పాసయ్యేవాళ్ళే."

బ్రేకక్క నిదానంగా అడిగింది. "మళ్ళీ అనండి సార్."

"ఏమని?"

"ఎవరు నేర్పినా పాసయ్యేవాళ్ళని. గట్టిగా అనండి. అందరికీ వినబడాలి."

ఓనరు పేపర్ వెయిట్ కోసం చెయ్యి చాపాడు. బ్రేకక్క దాన్ని తీసి తన వైపు పెట్టుకుంది.

"ఈ మాటే నెల కింద నేను ఈ కుర్చీ ముందు నిలబడి చెప్పాను. నేను చెబితే సాకయింది. ఇవాళ మీరు చెబుతుంటే కారణమైంది. మాట ఒక్కటే కదా సార్, నోరు మారితే పేరు మారుతుందా? ఎవరు నేర్పినా పాసయ్యేవాళ్ళు పాసైతే అది మాస్టారి గొప్ప. అదే కుర్రాళ్ళు నా దగ్గర పాసైతే అది కుర్రాళ్ళ గొప్ప. భయపడేవాళ్ళు నా దగ్గర తప్పితే ఆడదాని చేతకానితనం. ఆయన దగ్గర తప్పితే పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు! ఎప్పుడు ఏ లెక్కో మీరే చెబుతారు, ఎప్పుడు చెప్పినా ఓడేది నేనే. ఇదెక్కడి న్యాయం?"

"మాటకు మాట అనుకుంటూ పోతే పని జరగదమ్మా. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు ఏమంటారు, స్కూలు మూసేయమంటారా?"

"స్కూలు మూయమని ఎవరన్నారు? తప్పు ఒప్పుకోమంటే స్కూలు మూయడం దాకా ఎందుకు వెళతారు? నడిమధ్య దారే లేనట్టు! నన్ను ఈ గదిలో, వీళ్ళ ముందే అన్నారు. అది తప్పని వీళ్ళ ముందే అనండి."

ఓనరు మాట్లాడలేదు. బ్రేకక్కకు నోటి దాకా వచ్చింది, మౌనం అర్ధాంగీకారం కదా సార్ అని. అనలేదు. ఆ మాట ఎంత దొంగమాటో తనకు తెలుసు, ఇవాళ తనకు పనికొచ్చింది కదా అని దాన్ని వాడుకోబుద్ధి కాలేదు.

అప్పుడు గుమాస్తాగారు లేచాడు. మణికట్టుకు ఇంకా ఆ రబ్బరు బ్యాండు ఉంది. "అయ్యా, నాకు న్యాయాలు తెలియవు. నేను బ్రేకక్క దగ్గరే నేర్చుకుంటాను. కుదరదంటే వీధి చివర ఇంకో స్కూలుంది, అక్కడికి పోతాను."

"నేనూ అంతే," అన్నాడు పాసైన కుర్రాళ్ళలో ఒకడు. "మా చెల్లిని చేర్పిద్దామనుకుంటున్నా. అక్క దగ్గరైతేనే."

న్యాయం ఎక్కని చెవికి గిరాకీ ఎక్కింది. ఓనరు లేచి వెళ్ళి బోర్డు మేకుల నుంచి ఊడబీకాడు. "దుమ్ము పట్టేస్తోంది, ఎలాగూ తీసేద్దామనే అనుకుంటున్నా," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తరవాతా రాలేదు. కానీ ఇకనుంచి కొత్తవాళ్ళు వచ్చిన వరసలోనే ఒకరు తనకు, ఒకరు మాస్టారికి అని బ్రేకక్క పెట్టిన షరతుకు మాత్రం తల ఊపాడు. ఆ షరతు ఆయన తప్పించుకోబోయినప్పుడల్లా ఆవిడ గుర్తుచేస్తూనే ఉంది.

బయట కారు పక్కన గేరు మాస్టారు ఆవిణ్ణి ఆపాడు. కళ్ళద్దాలు తీసేశాడు. "నాకు ముందునుంచీ తెలుసమ్మా, నా వాళ్ళు ఎలాగైనా పాసవుతారని."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకుంటే నా పేరు పైనుండేది కదా."

ఆ నిజాయతీకి మెచ్చుకోవాలో చెంప పగలగొట్టాలో బ్రేకక్కకు తెలియలేదు. తలుపు తీసి కూర్చుని, అనవసరంగా గట్టిగా వేసింది.

తిన్నగా మందుల షాపుకు వెళ్ళింది. ఆవిడ కౌంటరు వెనక నిచ్చెన మీద నిలబడి పై అరలో సీసాలు సర్దుతోంది.

"వద్దు బ్రేకక్కా," అంది దిగకుండానే. "మీ దగ్గర తప్పాను, ఆయన దగ్గరా రాలేదు. ఇద్దరి దగ్గరా రాలేదంటే ఇక లోపం నాలోనే కదా. నాకు రాదంతే."

"మీరు కూడానా!" బ్రేకక్క కౌంటరు మీద చెయ్యి వేసింది. "రెండు మందులు పడకపోతే రోగి చచ్చాడని రాసేస్తారా మీరు? డోసు చాలదేమో, వేళ కాదేమో, పక్కన ఎవరైనా రోగిని తిడుతున్నారేమో చూడరూ? నేను మీకు చేసింది తప్పు. అడక్కుండా మిమ్మల్ని ఆయనకు ఇచ్చేశాను. నా పంతం కోసం. అది నా తప్పు, మీకు రాకపోవడం కాదు. దిగండి."

ఆవిడ చేతిలో సీసా అరలో పెట్టి దిగింది.

వాళ్ళు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. ఇంజను వేయకుండా కబుర్లు, తరవాత తాళం, తరవాత ఖాళీ వీధి, తరవాత కూడలి. ఒక సాయంత్రం ఆవిడ ఎర్రదీపం ముందు చక్కగా ఆపింది. వెనక ఒక వ్యాను హారన్ కొట్టింది. దాన్ని చూసి ఇంకోటి. క్షణాల్లో వీధంతా హోరెత్తిపోయింది. ఆవిడ భుజాలు ముడుచుకుపోయాయి.

"ఏదో తప్పు చేశాను కదూ? ఇంతమంది కొడుతున్నారంటే..."

"దీపం చూడండి."

ఆవిడ చూసింది. ఎర్రగా ఉంది. నిక్షేపంలా, ఏ అనుమానానికీ తావు లేకుండా ఎర్రగా ఉంది. ఆవిడ మొహం కూడా ఆ రంగుకే తిరిగింది. ఒంటిచేత్తో కిటికీ దించి, తల బయటపెట్టి, షాపులో అప్పు ఎగ్గొట్టేవాళ్ళ మీద కూడా ఎప్పుడూ ఎత్తని గొంతెత్తి, "కళ్ళు పోయాయా అందరికీ? ఎర్రగా లేదూ?" అని అరిచింది.

హారన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. బ్రేకక్క కుడికాలు తన బ్రేకు మీంచి తీసి రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుంది. దీపం మారింది. ఆవిడ క్లచ్ మీంచి కాలు మెల్లగా వదిలింది. కారు కాస్త కుదిపింది గానీ ఆగలేదు.